తలకిందుల రాయి

రాయికి తల ఏదో కాళ్ళేవో తెలియనివాడు అయస్కాంతం జోలికి పోకూడదని చికామోరి మాస్టారు ప్రతి శిష్యుడికీ మొదటి రోజే చెప్పేవారు. ఆ మాట వింటూ పైకొచ్చిన తొకుహిరో ఇప్పుడు ఆ ప్రయోగశాలకు డైరెక్టరు. శుక్రవారం ఉదయం అందరినీ పిలిచి అతను కూడా అదే మాట అన్నాడు. కాకపోతే ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు.

బల్ల మీద పొడవాటి ట్రే ఉంది. సముద్రగర్భాన్ని తొలిచి ఓడ పైకి లాగిన బసాల్టు రాళ్ళు అందులో వరసగా పేర్చి ఉన్నాయి. ఆ ట్రేని చల్లటి గిడ్డంగిలోంచి మోసుకొచ్చిన ఇకుయో చేతులు తుడుచుకుంటూ గోడవారన నిలబడింది. రాళ్ళను తియ్యడం, మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టడం ఆమె పని. ఎన్నేళ్ళు చేసినా అక్కడివాళ్ళకు ఆమె ముందు మాస్టారి భార్య, ఆ తరవాతే గిడ్డంగి మనిషి.

సంగతి చూడబోతే చిన్నదే. కానీ పరువు తీసే సంగతి. లావా సముద్రం అడుగున చల్లబడేటప్పుడు దానిలోని ఇనుప రేణువులు ఆనాటి ఉత్తరం వైపు తిరిగి అలాగే బిగుసుకుపోతాయి. భూమి ఉత్తర దక్షిణాలు ఎన్నోసార్లు తారుమారయ్యాయి గనక, రాయిలోని అయస్కాంతం ఇప్పటిలా కిందికి చూస్తోందా, తారుమారై పైకి చూస్తోందా అన్నదాన్నిబట్టి అది ఏ కాలపు రాయో చెబుతారు. తోసా తీరానికి దక్షిణాన తవ్విన ఈ రాళ్ళన్నీ కిందికి చూస్తున్నాయి. నడుమ ఒక్కటి మాత్రం పైకి చూసింది. భూమి కొన్నాళ్ళు మనసు మార్చుకుని మళ్ళీ దారిలో పడిన జాడ దొరికిందని అందరూ సంబరపడ్డారు. వ్యాసం పంపారు. పత్రికలవాళ్ళను పిలిచి టీలిచ్చారు. తీరా పరదేశంలో ఎవరో పెద్దమనిషి ఆ రాయి ఫొటోను పరీక్షగా చూసి, చాలా మర్యాదగా ఒకే మాట అన్నాడు, మీ రాయి తలకిందులుగా ఉందండీ అని.

ఓడ మీద ఒక ఆచారం ఉంది. రాయి గొట్టంలోంచి బయటపడగానే, చేతిలో దొర్లకముందే, దాని అడుగున ఎర్ర మైనపు పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టాలి. ఎరుపున్న వైపు పాతాళం, లేని వైపు ఆకాశం. ఈ ఒక్క రాయికి మాత్రం ఎరుపు ఆకాశం వైపు పడింది. ఆ పూట గుర్తులు పెట్టే పని సుజుది.

సుజు ఇంటిపేరు హిసతాకె. అక్కడ ఇంటిపేరుతో పిలవడమే మర్యాద గానీ, ఆఫీసులో ఇంకో హిసతాకె ఉండడంతో అందరూ ఆమెను పేరు పెట్టే పిలిచేవారు. ఏడాదికేడాది ఒప్పందం రాయించుకుంటూ, పర్మనెంటు అవుతానన్న ఆశ చంపుకోకుండా చాలాకాలంగా అక్కడే పనిచేస్తున్న మనిషి. తొకుహిరో మాట ముగియకముందే ఆమె లేచి నిలబడి నడుము దాకా వంగింది.

"నాదే పొరపాటండీ. క్షమించండి" అంది.

మార్చి నెలాఖరుతో ఒప్పందం అయిపోతుందనీ, ఇక పొడిగించే వీల్లేదనీ, చెప్పడానికి తనకూ కష్టంగానే ఉందనీ తొకుహిరో చెప్పాడు. నిజంగానే కష్టంగా ఉన్నట్టు అతని గొంతు చెబుతోంది. అతను చెడ్డవాడైతే, తిట్టుకోవడానికైనా ఇకుయోకు ఆ పూట కాస్త సులువయ్యేది. రిటైరైనా రోజూ వచ్చి కూర్చునే మాస్టారు బల్ల చివర తలపంకిస్తూ విన్నారు. ఆ ఓడలో ఆయనా ఉన్నారు. శిష్యులంతా కలిసి గౌరవంగా తీసుకెళ్ళిన ఆఖరి ప్రయాణం అది.

అందరూ వెళ్ళాక ట్రే ఎత్తబోతూ ఇకుయో ఆ రాయి వంక చూసింది. పొడుగునా రెండు బద్దలుగా కోసిన రాయి. దానితోపాటు గుర్తు కూడా రెండుగా చీలింది. ఈ బద్ద మీద మిగిలిన గీత చివర చిన్న వంకర, చేపగాలంలా పైకి తిరిగి ఉంది.

మాస్టారిది ఎడమచేతి వాటం. ఆయన ఇంటూ పెడితే రెండో గీత అలాగే తిరుగుతుంది. ఇకుయో ఆ గాలాన్ని రోజూ పొద్దున్నే వంటింట్లో కోడిగుడ్ల మీద చూస్తుంది. ఏవి పాత గుడ్లో తెలియడానికి వాటి అడుగున మాస్టారు ఎర్ర పెన్సిలుతో గుర్తు పెడతారు. పెళ్ళైన కొత్తలో భార్యను నవ్వించడానికి మొదలుపెట్టిన పని, ఇంటి అలవాటుగా స్థిరపడిపోయింది. ఈ మధ్య కొన్ని గుడ్లకు రెండు కొసలా గుర్తు ఉంటోంది. ఆయన లేచేలోగా ఇకుయో ఒక కొసను బొటనవేలితో రుద్ది చెరిపేస్తోంది. అలాంటివి ఇంకా చాలానే చెరిపేస్తోంది. చెత్త వెయ్యకూడని రోజు ఆయన వాకిట్లో పెట్టిన సంచిని చప్పుడు కాకుండా లోపలికి తెస్తుంది. తనను చచ్చిపోయిన ఆడపడుచు పేరుతో పిలిచినప్పుడు ఆ పేరుకే పలుకుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్దామని మాత్రం ఇంతవరకూ అనలేదు. అంటే అది నిజమైపోతుంది.

ట్రేని గిడ్డంగిలో పెట్టి, తలుపు వేసి, ఆమె నేరుగా రంపం గదికి వెళ్ళింది.

సుజు ఇంకో రాయిని చిన్న చిన్న ఘనాలుగా కోస్తోంది. కోసిన ప్రతి ముక్క మీదా ఏది పైవైపో బాణం గీసి, తడి గుడ్డ మీద పేరుస్తోంది. ఉద్యోగం పోయిన మనిషి పనిలా లేదు. బాణాలన్నీ తీర్చి దిద్దినట్టున్నాయి.

"ఆ గుర్తు నువ్వు పెట్టింది కాదు" అంది ఇకుయో.

సుజు రంపం ఆపింది. కుళాయి కట్టేసింది. చేతి తొడుగులు తీసి, ఒకదాంట్లో ఒకటి మడిచి, అప్పుడు తలెత్తింది.

"పెన్సిలు నా చేతిదే అమ్మగారూ. మాస్టారు ఇలా ఇవ్వమ్మా అన్నారు, ఇచ్చాను. రాయిని అటూ ఇటూ రెండుసార్లు తిప్పి చూశారు. నాకప్పుడే అనుమానం వచ్చింది."

"మరి అడగలేకపోయావా?"

"ఎవర్నండీ? మాస్టార్నా? రాయికి తలెటు, కాళ్ళెటు అనా?"

తొకుహిరోకు తనే చెబుతానంది ఇకుయో. సుజు గట్టిగా తలూపి వద్దంది. తనకు పని నేర్పింది మాస్టారేననీ, మొదటి ఏడాది తను పాడుచేసిన రాళ్ళన్నిటినీ ఆయన తన మీద వేసుకున్నారనీ చెప్పింది.

"నేను ఇంకో ఉద్యోగం చూసుకుంటాను. మాస్టారు ఇంకో పేరు చూసుకోలేరు కదా" అంది.

ఆ మాటతో ఇకుయో గుండెల మీంచి బండ దిగినట్టయింది. మరుక్షణం సిగ్గేసింది. సిగ్గుపడింది గానీ, ఆ తేలికను మాత్రం వదులుకోలేదు. కొంగు చాటున దాచుకున్నట్టు ఇంటికి పట్టుకుపోయింది.

ఆదివారం ఇకుయో, మాస్టారు సంతకు వెళ్ళారు. పంపరపనసలాంటి బున్తాన్ పళ్ళు మంచి కాపు మీద ఉన్నాయి. వాటికి తోలు బరువే గాని లోపల సరుకు లేదని మాస్టారు పళ్ళమ్మే ముసలమ్మతో పేచీ పెట్టుకున్నారు. మీ తలకన్నా ఎక్కువే ఉందిలే అని ఆవిడ తిరగేసింది. ఆయన పకపకా నవ్వారు. ఆ నవ్వు చూస్తే ఈ మనిషికి ఏదైనా అయిందని ఎవరూ అనరు. ఇంటికొచ్చి పండు వొలుస్తుంటే ఆయన ఉన్నట్టుండి, మొన్న ఆఫీసులో ఎవరో పిల్లకు ఉద్యోగం పోయిందట కదా, పాపం అన్నారు. అవునట అంది ఇకుయో. దళసరి తోలును గోటితో చీలుస్తూ, గింజలు తీస్తూ, తొనలన్నీ ఆయన పళ్ళెంలోనే వేసింది. తన నోట్లో ఒక్కటీ వేసుకోబుద్ధి కాలేదు.

సోమవారం ఆమె ట్రేతో కొలతల గదికి వెళ్ళింది. ఆ గదికి గోడల నిండా ఇనుప రేకులు. బయటి భూమి అయస్కాంతపు లాగుడు లోపలికి రాకూడదు. తలుపు దగ్గరే బెల్టులు, వాచీలు, తలపిన్నులు తీసి పెట్టాలి. జుట్టు వదులు చేసుకుని లోపలికి తొంగిచూస్తే సుజు స్టూలు మీద నొదొకా కూర్చుని ఉంది. కొత్తగా వచ్చిన పిల్ల. సుజు నీలం పనికోటు అప్పుడే ఆ పిల్ల ఒంటి మీదికి వచ్చేసింది. కోటు ప్రయోగశాలది, మనిషిది కాదు. సుజు వెనక నిలబడి ఓపిగ్గా చెబుతోంది.

"ముందు చిన్న వేడి పెట్టాలి. మళ్ళీ కొలవాలి. మళ్ళీ కాస్త పెంచాలి. ఈమధ్య అంటుకున్న అయస్కాంతమంతా మొదట పోతుంది. పుట్టినప్పటిది ఆఖరిదాకా పోదు. కంగారుపడి ఒకేసారి కాల్చేశావనుకో, రాయికి ఏమీ గుర్తుండదు."

ఇకుయో ట్రే పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. కాసేపటికి సుజు చూసి ట్రే అందుకుంది.

వరండాలో తొకుహిరో ఎదురయ్యాడు. ఉత్తరాది యూనివర్సిటీ ఒకటి సుజును తీసుకుందామనుకుని తనకు ఫోన్ చేసిందని చెప్పాడు. చెప్పకుండా ఉంటే బావుండేది గానీ అతనికి ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉంది.

"రాయి తలాకాళ్ళ సంగతి ఆ అమ్మాయికి వదిలెయ్యొచ్చా అని అడిగారండీ. నేనేమనాలి? అబద్ధం ఎలా ఆడతాను?"

"ఏమన్నారు మీరు?"

"వదలొద్దన్నాను" అని అతను గోడ వైపు చూశాడు. "మాస్టారు నేర్పిన చదువండీ ఇది. ఈ ఒక్కదాంట్లో మాత్రం నేను ఎవరికోసమూ అబద్ధం ఆడలేను."

అంటే సుజుకు ఇంకో ఉద్యోగం కూడా లేదన్నమాట. ఇకుయో దాచుకున్న తేలిక అక్కడికక్కడే ఆవిరైపోయింది. ఒకరి బతుకు ఖరీదు పెట్టి తన మొగుడి పేరు కాపాడుకుంటోంది తను. ఆ మాట ఎవరూ ఆమెను అనలేదు. ఆమే అనుకుంది, అనుకున్నాక వెనక్కి తీసుకోలేకపోయింది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక, ఒకసారి గిడ్డంగికి వస్తారా అని మాస్టార్ని పిలిచింది. ఆయనకు చలికోటు తొడిగి, మెడ దాకా గుండీలు పెట్టింది. ఆ రాయి రెండో బద్ద లోపలి అరలో ఉంది. ఎవరూ కొయ్యకూడని, ముట్టకూడని బద్ద. దాన్ని తీసి ఏమీ చెప్పకుండా ఆయన అరచేతిలో పెట్టింది.

రాయి చేతిలో పడగానే ఆయన వేళ్ళు మారిపోయాయి. పొద్దున చెప్పుల జత కలపడానికి తడుముకున్న వేళ్ళేనా ఇవి అనిపించింది. కాస్త నీళ్ళు చిలకరించి, జేబులోంచి భూతద్దం తీసి, కిటికీ వెలుతురుకు తిప్పి చూశారు.

"ఇటు రా ఇకుయో. రాయిలో ఈ గాలిబుడగ చూడు. సగం దాకా బురద పేరుకుంది, మిసో చారు అడుగున పేరుకున్నట్టు. మిగతా సగం తెల్ల సున్నం. బురద ఎప్పుడూ అడుక్కే దిగుతుంది గానీ పైకప్పుకు పోయి అంటుకోదు కదా? అంటే దీని తల ఇటు." గొంతులో పాత క్లాసురూము పలికింది. రాయిని తిప్పి పట్టుకోగానే ఎర్ర గుర్తు పైకొచ్చింది. ఆయన నవ్వేశారు. "ఎవరో మహానుభావుడు తలకు చెప్పులు తొడిగాడు. కొత్తవాళ్ళెవరో అయ్యుంటారు. మీరెవరూ మరీ కోప్పడకండి, నేను పిలిచి నెమ్మదిగా చెబుతాను."

ఇకుయో ఇంకా ఊరుకోవచ్చు. రాయి తీసుకుని అరలో పెట్టేసి, టీ తాగుదాం పదండి అనవచ్చు. ఆ మాట నాలుక చివరదాకా వచ్చింది కూడా.

"మీరేనండీ" అంది.

ఆయన నవ్వు అలాగే కాసేపు ఉండిపోయింది. మొదటి బద్దను కూడా ఇకుయో తెచ్చి పక్కన పెట్టింది. రెండూ కలిపితే గుర్తు పూర్తయింది. ఆయన ఎడమచేతి వేలితో గీత వెంట వెళ్ళి, వంకర దగ్గర ఆగారు.

"నాదే" అన్నారు. "నాకు జ్ఞాపకం లేదు ఇకుయో."

"తెలుసండీ."

"ఎవరి మీదికైనా పోయిందా ఇది?"

"సుజు ఉద్యోగం పోతోంది."

"సుజు" అన్నారాయన, ఎవరో పొరుగూరి మనిషి పేరు విన్నట్టు. ఓడలో మీ పక్కన నిలబడిన పిల్ల, మీరే పని నేర్పారు అని ఇకుయో చెప్పింది. అది తనే చేశానని ఆ పిల్లకు తెలుసా అని ఆయన అడిగారు. తెలుసు, కానీ ఎవరికీ చెప్పలేదంది. ఆయన రెండు బద్దల్నీ ట్రేలో పెట్టారు, తల పైకి, కాళ్ళు కిందికి. చలికి ఊపిరి పొగలా వస్తోంది.

"గుడ్ల మీద నేను పెట్టిన గుర్తులు చెరిపేది నువ్వేనా?"

ఇకుయో తలొంచుకుంది. "నేనే."

"రాత్రి పెట్టినవి పొద్దున్నకి ఉండేవి కావు" అన్నారు మాస్టారు. "పెట్టాననుకున్నవి పెట్టలేదేమో అని భయపడి ఇంకా పెట్టేవాణ్ణి."

ఇకుయో ఆయన కోటు చేతిని పట్టుకుని ఏడ్చింది. ఆయన్ని కాపాడుతున్నానని ఇన్నాళ్ళూ తను చేసిందంతా ఆయన్నే ఒంటరిని చేసింది. చీకట్లో తడుముకుంటున్న మనిషి చేతికి తగులుతున్న గోడను కూడా తనే తీసేసింది. మాస్టారు ఆమె వీపు నిమురుతూ, రేపు అందరి ముందూ చెబుతాను, నువ్వు నా పక్కనే ఉండు అని మాత్రం అన్నారు.

ఆ సాయంత్రం ట్రాములో ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. మధ్యలో ఒకచోట ఆగి, ఏమిటే ఆ పేరు అని అడిగారు. సుజు అంటే చిరుగంట కదండీ, గంట అనుకోండి, గుర్తుంటుంది అంది ఇకుయో. ఇంట్లో అన్నం తింటూ ఒకసారి, స్నానాల గదిలోంచి ఒకసారి ఆ పేరు వినబడింది. పొద్దున్నే లేచి, అడగకుండానే, గంట, సుజు అన్నారు. ఇకుయో సంతోషపడింది. నల్ల సూటు తీసి ఇచ్చి, టై తనే కట్టింది.

అందరినీ కొలతల గదిలో చేర్చమని ఆమె తొకుహిరోకు ముందే చెప్పింది. ఎందుకని అతను అడగలేదు. మాస్టారు ఏదో చెబుతారట అని పదిమందీ పనులాపి వచ్చారు. సుజు రాళ్ళను వేడిచేసే కొలిమి దగ్గర అవి చల్లారే దాకా కదలడానికి వీల్లేక అందరికన్నా వెనక, గోడవారన ఉండిపోయింది. కోటు లేదు, మామూలు బూడిదరంగు స్వెట్టరులో ఉంది.

మాస్టారు నిటారుగా నడిచి వచ్చారు. గది మధ్యలో ఆగారు. ఎదురుగా నీలం పనికోటు వేసుకుని, సుజు స్టూలు పక్కన నొదొకా నిలబడి ఉంది. ఆయన ఆ పిల్లకు ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు.

ఇకుయోకు అప్పుడు తెలిసింది. రాత్రంతా పేరు మీదే ఉంది తన ధ్యాసంతా. మొహం సంగతి ఆలోచించనే లేదు.

"సుజు గారూ" అన్నారు మాస్టారు. గొంతు ఎక్కడా తడబడలేదు. "ఆ రాయికి గుర్తు పెట్టింది నేను. తల ఏదో కాళ్ళేవో నాకు తెలియలేదు. నా మనసు ఈమధ్య సరిగా పనిచెయ్యడం లేదు. తప్పు నాదైతే మాట మీరు పడ్డారు. నన్ను క్షమించండి." తెల్ల జుట్టు కిందికి వేలాడేలా వంగి, అలాగే ఉండిపోయారు.

నొదొకా మొహం పాలిపోయింది. నేను కాదండీ అనడానికి నోరు తెరిచి, ఆయన భుజాల మీదుగా వెనక్కి చూసింది. గోడ దగ్గర సుజు, చేతికి కొలిమి తొడుగులతోనే, ఆయన వీపుకు ఎదురుగా అంత లోతుగానూ వంగి ఉంది. వంగినప్పుడు ఆమె తల అడ్డంగా ఒక్కసారి కదిలింది, చెప్పొద్దన్నట్టు. నొదొకా నోరు మూసుకుని తనూ వంగింది. కోటు చేతులు ఆ పిల్లకు పొడుగై, వేళ్ళు కనబడడం లేదు.

"ఫర్వాలేదండీ మాస్టారూ" అంది.

తొకుహిరో కళ్ళు తుడుచుకోలేదు. ఎవరైనా చూస్తారన్న ధ్యాస కూడా ఉన్నట్టు లేదు. మాస్టారి భుజం పట్టుకుని లేపుతూ, వెనక గోడ వైపు చూసి మాట్లాడాడు. "సుజు ఎక్కడికీ వెళ్ళదండీ. ఇక్కడే ఉంటుంది. నేను మాటిస్తున్నాను."

మాస్టారు పెద్ద ఊపిరి వదిలారు. మొహం కడిగినట్టు తేటపడింది. ఇకుయో కోసం చుట్టూ చూసి, ఆమె కనబడగానే, పేరు సరిగ్గానే చెప్పాను కదా అన్నట్టు నవ్వారు. ఇకుయో తలూపింది. అప్పుడే ఆయన చూపు కొలిమి దగ్గరికి వెళ్ళింది. అప్పటికి సుజు నిటారుగా నిలబడింది గానీ, కళ్ళలోంచి నీళ్ళు చెంపల మీదికి జారుతున్నాయి. తొడుగులున్న చేతులతో తుడుచుకోలేక అలాగే ఉంది. ఆయన దగ్గరికి వెళ్ళి, కొత్త మనిషితో మాట్లాడే మర్యాదతో కొంచెం వంగారు.

"మిమ్మల్ని నేనెప్పుడూ చూడలేదు. కొత్తగా చేరారామ్మా?"

సుజు ఆయన్ని చూసింది, ఇకుయోను చూసింది.

"అవునండీ మాస్టారూ" అంది. "ఇవాళే చేరాను."

"మంచిది" అన్నారాయన. "ఏడవకండి. ఇక్కడివాళ్ళు మంచివాళ్ళు, మీకేమీ కష్టం రానివ్వరు."